మోకాలి యెముకకును పటమునకును పొంతన

మోకాలికీలు అరిగి నాలుగడుగులు వేయలేని వృద్ధులు మన యిండ్లలోఁ బెక్కురు గలరు. అట్టివారికి వైద్యులు అరిగిన యెముక కొనలను కోసి లోహపుఁ గీలును అమర్చుచున్నారు. ఆ కోఁత యొక్క డిగ్రీ తప్పినచో నేమగునో త్రికోణమితి చదువు పైతరగతి బాలురు లెక్కవేసి చూతురు గాక. 400 మిల్లీమీటర్ల పొడవున నది దాదాపు 7 మిల్లీమీటర్ల యెడమగును. తుంటి నడుమనుండి చీలమండ నడుమకు గీచిన గీత మోకాలి నడుమగాఁ బోవలయునని శస్త్రవైద్యులు చిరకాలముగాఁ గోరుచున్నారు. అది తప్పినచో బరువు ఒక ప్రక్కకే పడును.

1895లో రాంట్జెన్ పండితుఁడు ఎక్స్ కిరణములను గనిపెట్టెను. 1971లో లండను నగరమున మొదటి రోగికి సి.టి. పటము తీసిరి. నేఁడు ఎముక యొక్క ఘనరూపము కంప్యూటరులో నిలుచుచున్నది. అయినను పటము వేఱు, బల్లపైఁ బరుండిన రోగి వేఱు. పటములోని యీ చుక్క కాలిలో నెచ్చట నున్నది? దానిని దేల్చు పనినే రిజిస్ట్రేషన్ అందురు.

మన గ్రామములలో సర్వేయరు చేయు పని దీనికి మిక్కిలి దగ్గఱ. పటము చేతఁ బట్టుకొని పొలములో నిలిచినంతమాత్రమున గట్టు తెలియదు గదా! పటములోని సర్వేరాళ్లను రెండు మూఁడింటిని పొలములో వెదకి, పటమును వానికి సరిగాఁ ద్రిప్పి పెట్టుకొన్న పిదపనే తక్కిన హద్దులు దెలియును.

శస్త్రశాలలో తొడయెముకకును దిగువనున్న కాలియెముకకును చెఱియొక గుర్తుచట్రమును మేకులతో బిగింతురు. పరారుణ కిరణములను గ్రహించు కెమెరా వాని కదలికలను గనిపెట్టుచుండును. వైద్యుఁడు తొడను మెల్లఁగా గుండ్రముగాఁ ద్రిప్పఁగా, ఆ చలనమునుండి తుంటికీలు కేంద్రమును యంత్రము గణించును. చీలమండ యిరుప్రక్కల గుబ్బలను శలాకతోఁ దాఁకును. పిమ్మట మోకాలియొద్ద ఎముకపైఁ బెక్కు చోట్లఁ దాఁకును. సి.టి. పటములో మృదులాస్థి సరిగాఁ గానరాదు గనుక శలాకమొన దానిని దాఁటి గట్టియెముకను ముట్టవలయును. లేనిచో నా మృదులాస్థి మందమంతయు తప్పుగా లెక్కలోఁ జేరును.

ఇఁక లెక్క. 1992లో బెస్ల్, మెకే అనువారు ప్రకటించిన పద్ధతి ప్రసిద్ధము. దాఁకిన ప్రతి చుక్కకును పటములోని యెముకతలముపై మిక్కిలి దగ్గఱి చుక్కను వెదకుదురు. ఆ యెడముల వర్గముల మొత్తము కనిష్ఠమగునట్లు పటమును జరిపి త్రిప్పుదురు. మరల దగ్గఱి చుక్కలను వెదకుదురు. మార్పు అత్యల్పమగు వఱకు నిట్లే. ఆరంభమే చాల తప్పియున్నచో నీ పద్ధతి తప్పుచోటనే కుదురుకొని తృప్తిపడును! అందుచేతనే ముందుగాఁ గొన్ని తెలిసిన గుర్తులతో ఉజ్జాయింపుగా సరిపెట్టుదురు. రెండెముకలును వేర్వేఱుగాఁ గదలునవి గనుక వేర్వేఱుగానే సరిపెట్టవలయును. మేకు సడలినచోఁ జేసిన పనియంతయు వ్యర్థము. కావున నడుమ నడుమ తెలిసిన చుక్కను మరల దాఁకి పరీక్షింతురు.

ఈ సాధనమువలన కీళ్లు మునుపటికంటె సూటిగా నమరుచున్నవని పరిశోధనలు చూపినవి. రోగి నొప్పియు నడకయు నంతగా మెఱుగుపడునా యను విషయమున మాత్రము ఫలితములు ఏకముగా లేవు. యంత్రము గలదా యని వైద్యశాలలో విచారించు తలిదండ్రులు, ఆ వైద్యుఁడు ఏఁటేఁట నెన్ని మోకాళ్లకుఁ జికిత్స చేయుచున్నాఁడో కూడ నడుగుట మేలని మేము తలఁచుచున్నాము.