కెర్నల్ వదిలేసిన ప్యాకెట్లు

వీడియో కాల్‌లో మాట తెగిపోతే మనం మొదట తిట్టేది నెట్‌నే. నెట్‌వర్క్ పని తెలిసినవాళ్లు మాత్రం తిట్టే ముందు ప్యాకెట్లు పట్టి చూస్తారు. లినక్స్‌లో అందుకు వాడేది టీసీపీడంప్. 1988లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో పుట్టింది, అంటే నాకంటే పెద్దది. దాన్ని ఆపగానే స్క్రీన్ మీద మూడు లెక్కలు వస్తాయి: ఎన్ని ప్యాకెట్లు పట్టింది, ఫిల్టర్‌కు ఎన్ని అందాయి, కెర్నల్ ఎన్ని వదిలేసింది. చాలామంది ఆ మూడో లైన్ చదవరు. నేను ముందు చూసేది అదే.

ఎందుకో చెప్తా. మా సిద్దిపేటలో 2023 జూన్‌లో ఐటీ టవర్ మొదలైంది. ఇక్కడ కూర్చుని ఎక్కడెక్కడివాళ్లతోనో పని చేయొచ్చు. కానీ కాల్ తెగిందంటే చాలు, "చిన్న ఊరు కదా, లైన్ బాగుండదు" అని అవతలివాళ్లు తీర్పు చెప్పేస్తారు. తెలిసినవాళ్ల ఆఫీసులో అదే జరిగింది. సర్వర్ మీద పట్టిన ప్యాకెట్లలో సీక్వెన్స్ నంబర్ల మధ్య ఖాళీలు కనిపించాయి. ఇంకేం, లైనే మార్చేద్దామన్నారు. మూడో లైన్ చూడండి అన్నాను. అక్కడి అంకె వేలల్లో ఉంది! అంటే ప్యాకెట్లు సర్వర్ దాకా వచ్చాయి, పట్టే ప్రోగ్రామే అందుకోలేకపోయింది. బఫర్ పెంచి మళ్లీ పడితే ఖాళీలు మాయం. మాట తెగుతున్నది ఆఫీసు లోపలి వైఫైలో.

అందుకోలేకపోవడం అంటే ఏంటి? గిగాబిట్ లైన్ నిండా అతి చిన్న ప్యాకెట్లే వస్తే సెకనుకు దాదాపు 14.88 లక్షలు. ఒక్కోదానికి దొరికే టైమ్ 672 నానోసెకన్లు. పాత పద్ధతిలో ప్రోగ్రామ్ ఒక్కో ప్యాకెట్ కోసం కెర్నల్‌ను విడిగా అడగాలి. దాన్నే సిస్టమ్ కాల్ అంటారు. టిఫిన్ సెంటర్లో ఒక్కో ఇడ్లీకీ లైన్లో నిలబడి టోకెన్ తీసుకున్నట్టన్నమాట.

దీనికి లినక్స్ చేసిన ఏర్పాటు పేరు ప్యాకెట్ ఎమ్‌మ్యాప్. కెర్నల్ కొంత మెమరీని గుండ్రటి బల్లలా అమర్చి, అదే మెమరీని ప్రోగ్రామ్‌కూ కనిపించేలా చేస్తుంది. బల్ల మీద ప్రతి గడికీ ఒక గుర్తు. 0 ఉంటే గడి కెర్నల్‌ది, 1 ఉంటే ప్రోగ్రామ్‌ది. కెర్నల్ ప్యాకెట్ పెట్టి గుర్తు 1 చేస్తుంది. ప్రోగ్రామ్ చదివేసి మళ్లీ 0 చేస్తుంది. ఒకరినొకరు అడిగే పని లేదు. చదవడానికి ఏమీ లేకపోతేనే ప్రోగ్రామ్ పోల్ అనే కాల్ చేసి నిద్రపోతుంది. కెర్నల్ చుట్టు తిరిగి వచ్చేసరికి గడిలో ఇంకా 1 ఉంటే? కొత్త ప్యాకెట్‌కు చోటు లేదు. పడేసి, లెక్కలో ఒకటి కలుపుతుంది. మన మూడో లైన్ అక్కడిదే.

దీన్ని చాలామంది జీరో కాపీ అంటారు. నాకైతే ఆ మాట నచ్చదు. కెర్నల్ ప్యాకెట్‌ను బల్ల మీదకు కాపీ చేస్తూనే ఉంటుంది, తగ్గేది సిస్టమ్ కాల్స్. నిజంగా కాపీ లేని దారి కావాలంటే, డ్రైవర్ సపోర్ట్ ఉన్నచోట, 2018లో లినక్స్ 4.18తో వచ్చిన ఏఎఫ్ ఎక్స్‌డీపీ ఉంది. ఎమ్‌మ్యాప్ కోసం మీరు కోడ్ రాయనక్కర్లేదు. టీసీపీడంప్ కింద ఉండే లిబ్‌పీక్యాప్ 2008లో వచ్చిన 1.0 నుంచీ దాన్ని వాడుతోంది.

ఫోన్లో చూద్దామంటే కుదరదు. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్సే అయినా, రూట్ లేకుండా యాప్‌లకు ఈ దారి తెరవదు. అందుకే ప్యాకెట్ క్యాప్చర్ యాప్‌లు వీపీఎన్ పర్మిషన్ అడుగుతాయి. లినక్స్ ల్యాప్‌టాప్ ఉంటే మీ సొంత నెట్‌వర్క్ మీదే చూడండి. మైనస్ ఎన్ పెడితే పేర్లు వెతికే ఆలస్యం ఉండదు. మైనస్ డబ్ల్యూ పెడితే స్క్రీన్ మీద కాకుండా ఫైల్లోకి రాస్తుంది. మామూలుగా బఫర్ 2 ఎంబీ. మైనస్ బి పక్కన 32768 అని ఇస్తే 32 ఎంబీ అవుతుంది. అప్పటికీ మూడో లైన్ సున్నాకు రాకపోతే డిస్క్ వేగం చూసుకోండి.