తాళం లేని చదువు, తీరిక లేని చేతులు

మనకు చదువు అందకుండా తరాలపాటు తాళాలు వేశారు. ఓపెన్ సోర్స్‌లో ప్రోగ్రాం లోపలి రాతను ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. 1991లో మొదలైన లినక్స్ ఇట్లా వేలమంది చేతుల్లో పెరిగిందే.

మొదటి పని చిన్నదే. చాలా ప్రాజెక్టుల్లో కొత్తవాళ్ళ కోసం 'గుడ్ ఫస్ట్ ఇష్యూ' అని గుర్తుపెట్టిన పనులుంటాయి. నియమాలు చదివి, ఒక పని ఎంచుకొని, ప్రాజెక్టుకు మన నకలు తీసుకొని, అందులో మార్చి, 'పుల్ రిక్వెస్ట్' పంపాలి. నిర్వాహకులు చూసి చేర్చుకుంటారు, లేదా సవరించమంటారు. సవరించమన్నంత మాత్రాన మన చదువుకు వంకపెట్టినట్టు కాదు. ఆరితేరినవాళ్ళ మార్పులు కూడా అట్లాగే తిరిగొస్తాయి.

కోడ్ రాకపోతేనేం? తెలుగు చేయడమూ పనే. 'క్విట్'ను 'నిష్క్రమించు' అనాలా, 'బయటికి రా' అనాలా? ఆ నిర్ణయంలో మనం లేకపోతే కంప్యూటర్ కూడా పంతుళ్ళ భాషే మాట్లాడుతుంది. పట్టుబడితే మాటలు మారతాయి. 'మాస్టర్, స్లేవ్' అనే జంటపదాలను పైథాన్ 2018లో చాలాచోట్ల తీసేసింది. కొత్త కోడ్‌లో వాటిని వాడొద్దని లినక్స్ 2020లో నియమం పెట్టుకుంది.

అయితే తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన అందరూ సమానం కాదు. జీతంలేని ఈ పనికి తీరిక, కంప్యూటర్, ఇంగ్లీషు కావాలి. అవి తరతరాలుగా ఎవరి ఇళ్ళల్లో ఉన్నాయో మనకు తెలుసు. అందుకే హాస్టల్లో నలుగురం ఒక కంప్యూటర్ ముందు కూర్చుందాం, ఒక్క వాక్యమైనా సరిచేసి పంపుదాం.