ఆ పందొమ్మిది నెలలు

2003వ సంవత్సరము జూలై నెలలో లండను నగరమందలి వింబుల్డన్ పచ్చిక కోర్టుపై హైదరాబాదు బాలిక యొకతె బాలికల డబుల్సు కప్పును చేతబట్టి నిలిచెను. ఆమె పేరు సానియా మీర్జా. వయస్సు 16 సంవత్సరములు. ఆమెకు జంటగా ఆడిన రష్యా బాలిక అలీసా క్లెయ్‌బనోవాకు అప్పటికి 14 ఏండ్లయినను నిండలేదు. తుదిపోటీలో వీరు మొదటి సెట్టును 2-6తో పోగొట్టుకొని, తక్కిన రెండింటిని 6-3, 6-2తో గెలుచుకొనిరి. వింబుల్డన్ బాలుర సింగిల్సులో అంతకుముందు మనవారు గెలువకపోలేదు. 1954లో రామనాథన్ కృష్ణన్, 1979లో ఆయన కుమారుడు రమేశ్, 1990లో లియాండర్ పేస్ గెలిచిరి. మన బాలికలలో మాత్రము అచ్చట గెలిచినది ఈమెయే మొదట.

2005వ సంవత్సరము ఫిబ్రవరి 12న అదే బాలిక హైదరాబాదులో, డబ్ల్యు.టి.ఏ. అను మహిళా టెన్నిసు సంఘమువారి పోటీలలో సింగిల్సు విజేత అయ్యెను. తుదిపోటీలో ఉక్రెయిను క్రీడాకారిణి అల్యోనా బొందరెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించెను. ఆ స్థాయి పోటీలలో సింగిల్సు గెలిచిన భారతీయ వనిత అంతకుముందు లేదు.

ఈ రెండు సంగతులును సామాన్య విజ్ఞానపు పుస్తకములలో కనబడుచునే యుండును. మన విద్యార్థులు వానిని వల్లించి మార్కులు తెచ్చుకొందురు. కాని ఈ రెండు తేదీల నడుమ పందొమ్మిది నెలల కాలమున్నది. దానిని గూర్చి ఏ ప్రశ్నపత్రములోను ప్రశ్న రాదు. నేనిచ్చట ముచ్చటింపదలచినది ఆ నడిమి కాలమును గురించియే.

సానియా 1986 నవంబరు 15న బొంబాయిలో పుట్టినను పెరిగినది హైదరాబాదులో. ఆరవయేట తల్లి ఆమెను టెన్నిసు శిక్షకుని యొద్దకు తీసికొనిపోగా, ఇంత చిన్నపిల్లకు నేర్పజాలనని అతడు మొదట నిరాకరించెనట. ఎట్లో చేర్చుకొన్న పిమ్మట, ఒక నెలకు అతడే తల్లిదండ్రులను పిలిచి, ఈ వయస్సులో ఇంత చక్కగా ఆడు పిల్లను తానెన్నడును చూడలేదని చెప్పెనట. ఈ ముచ్చట ఆమెయే చెప్పుకొన్నది. నాటి హైదరాబాదులో నేటివలె సిమెంటు కోర్టులు ఎక్కువ లేవు. తాను ఆట నేర్చినది పేడ అలికిన కోర్టులపైనని ఆమె పలుమారులు చెప్పినది. పేడ అలికిన నేల యనగానే మనకు ముంగిలియు, ముగ్గును స్ఫురించును. అట్టి నేలమీదనే ఆమె ఆట తొలి అడుగులు వేసినది.

తండ్రి ఇమ్రాన్ మీర్జా క్రీడావిలేకరిగా పనిచేసినవాడు. కూతురికి ఆయనయే ముఖ్యగురువు. మహేశ్ భూపతి తండ్రి కృష్ణ భూపతి యొద్ద కూడ ఆమె మెలకువలు నేర్చుకొన్నది. నస్ర్ పాఠశాలలో చదువు సాగుచుండెను. హైదరాబాదు పారిశ్రామిక సంస్థ జి.వి.కె. ధనసాహాయ్యము చేసినది.

ఆమె ఆటలో చూపరుల నాకర్షించినది ఫోర్‌హ్యాండు దెబ్బ. మణికట్టును విల్లువలె వంచి ఆమె బంతిని కొట్టినచో, అది ఎటు పోవునో ఎదుటివారికి ముందుగా తెలియదు. దీనినే మనవారు చేతివాటము అందురు. ఈ మంచిమాటకు నేడు చిల్లర దొంగతనమను అర్థము పట్టినది గాని, అసలు అర్థమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము నాకు దొరకలేదు. సర్వీసులో మాత్రము, అందును రెండవ సర్వీసులో, ఆమెకు బలము తక్కువ. బాలల పోటీలలో ఆ లోపము దాగెను. పెద్దల పోటీలలో దాగదు. అచ్చట ఎదుటివారు బలమును జూచి వెరవరు, లోపమును వెదకి దానిమీదనే కొట్టుదురు.

పెద్దల పోటీల పద్ధతిని ఒకింత వివరింపవలెను. బాలల పోటీలు 18 సంవత్సరముల లోపు వారికి. వానిలో గెలిచినచో కప్పు దొరకును, పేరు వచ్చును, ధనము రాదు. పెద్దల పోటీలలో ధనమున్నది గాని, అందు ప్రవేశించుటకు ర్యాంకు కావలెను. ర్యాంకు రావలెనన్న పోటీలలో గెలువవలెను. పోటీలలో ప్రవేశింపవలెనన్న మరల ర్యాంకే కావలెను. పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు, పెండ్లి యైనగాని పిచ్చి కుదరదు అన్న సామెత ఇట్టి చిక్కును గూర్చి పుట్టినదే కాబోలు. ఈ చిక్కు విప్పుటకే అట్టడుగున చిన్న పోటీలున్నవి. వీనిని ఐ.టి.ఎఫ్. అను అంతర్జాతీయ టెన్నిసు సమాఖ్యవారు దేశదేశములందు జరిపింతురు. నేను చెప్పుచున్న రోజులలో వానిలో కడపటి తరగతి పోటీకి మొత్తము బహుమానధనమే 10,000 డాలర్లు. అదియు గెలిచిన యొక్కరికి గాదు. మొదటి రోజున ఓడినవారు మొదలుకొని అందరును పంచుకొనవలెను. విమానపు ఖర్చు, బస, భోజనము, వెంటవచ్చిన తల్లిదండ్రుల వ్యయము తీసివేయగా మిగులునదేమో పాఠకులే ఊహింపగలరు.

పైగా ర్యాంకు గాదెలో నిలువయుండు ధాన్యము వంటిది కాదు. 52 వారములు గడచినంతనే నిరుటి పాయింట్లు లెక్కనుండి జారిపోవును. నిరుడు గెలిచిన చోట ఈయేడు ఓడినచో పైకెక్కినవారు క్రిందికి దిగవలసినదే. బాలికగా కప్పు గెలిచిన పిల్లకు ఈ లోకములో ప్రత్యేక గౌరవమేమియు లేదు. ముప్పది యేండ్ల అనుభవశాలిని యెదుట ఆమెయు ఒక క్రొత్త విద్యార్థినియే.

ఇంత శ్రమయేల, బాల్యమునందే పెద్దల పోటీలలోనికి దూకరాదా యని విద్యార్థులు అడుగవచ్చును. అట్లు దూకినవారున్నారు. అమెరికా బాలిక జెన్నిఫర్ కాప్రియాటి 1990 మార్చిలో, 14వ పుట్టినరోజు ఇంకను రాకముందే, వృత్తిక్రీడాకారిణి అయి తన మొదటి పోటీలోనే ఫైనలు చేరెను. ఆ యేడే ఫ్రెంచి ఓపెన్‌లో సెమీఫైనలు ఆడెను. 1992 బార్సిలోనా ఒలింపిక్సులో స్టెఫీ గ్రాఫ్‌ను ఓడించి స్వర్ణపతకము గెలిచెను. 1993లో, 17వ యేట, అమెరికా ఓపెన్‌లో మొదటి పోటీలోనే ఓడి, ఆటమీదనే విరక్తి చెంది దూరముగా పోయెను. చాలకాలమునకు మరలివచ్చి 2001లో ఆస్ట్రేలియా, ఫ్రెంచి ఓపెన్‌లు గెలిచినది గాని, నడుమ పోయిన యేండ్లు మరల రావు గదా! ఇట్టివి చూచిన మీదటనే మహిళా టెన్నిసు సంఘమువారు 1995 నుండి వయోనియమము అమలుపరచిరి. 14 ఏండ్లు నిండనివారికి ప్రవేశము లేదు. ఆపైన ఏటికిన్ని పోటీలని పరిమితి. వయస్సుతోపాటు ఆ సంఖ్య పెరిగి, 18 నిండినంతనే పరిమితి తొలగును. సానియా వింబుల్డన్‌లో గెలుచునాటికి ఆమెయు ఈ నియమమునకు లోబడినదే.

ఆ పందొమ్మిది నెలలలో ఆమె యేమి చేసినది? 2003లోనే హైదరాబాదులో జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడలలో నాలుగు స్వర్ణపతకములు గెలిచినది. అవి మనవారు చూచిరి, చప్పట్లు కొట్టిరి. చూడనివి వేరే యున్నవి. నైజీరియాలోని లాగోసు నగరమువంటి చోట్ల చిన్న పోటీలు ఆడుచు ఒక్కొక్క పాయింటు కూడబెట్టుకొనెను. 2003 ఫిబ్రవరిలో, అనగా వింబుల్డన్‌కు ముందే, స్వంత ఊరు హైదరాబాదులో జరిగిన డబ్ల్యు.టి.ఏ. పోటీకి నిర్వాహకులు ఆమెకు వైల్డ్ కార్డు, అనగా ర్యాంకుతో పనిలేకుండ ఇచ్చు ప్రవేశము, దయచేసిరి. సింగిల్సులో మొదటి ఆటలోనే ఓడెను. 2004లో మరల అదే ఊరు, అదే వైల్డ్ కార్డు, మరల మొదటి ఆటలోనే ఓటమి. ఆ యేడు దక్షిణాఫ్రికా క్రీడాకారిణి లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్సు గెలిచినది గనుక ఆ ఓటమిని జనులు మరచిరి. ఆమె మరచియుండదు.

ఇచ్చట నా స్వవిషయ మొకటి చెప్పక తప్పదు. నేను పనిచేసిన ఒక కళాశాలలో, ఇంచుమించు ఆ రోజులలోనే, ఇంటర్మీడియటు చదువు బాలిక యొకతె రాష్ట్రస్థాయి బాడ్మింటను ఆడుచుండెను. వరుసగా రెండు పోటీలలో ఓడి వచ్చినది. హాజరు నూటికి 75 పాళ్ళకు తగ్గినది. నేను ఆమెను పిలిచి, "ఆట కూడు పెట్టునా అమ్మా? ఓడుటకై తిరుగుచు పాఠములేల పోగొట్టుకొందువు?" అంటిని. మరుసటి నెల నుండి ఆమె తరగతికి తప్పక వచ్చెను. మంచి మార్కులతో ఉత్తీర్ణురాలయ్యెను. రాకెటు మరల పట్టలేదు. నా మాట ధర్మబద్ధమే యని నాడు తలచితిని. కాని ఆమె గెలిచి వచ్చియుండిన నేనా మాట అనియుండెడివాడనా? అనియుండనని నాకు తెలియును. పుస్తకమునకు హాజరుపట్టీ యున్నది, గెలుపునకు పతాకమున్నది. రెండింటికి నడుమనున్న పిల్లను చూచుటకు నాయొద్ద ఏ కొలతయు లేకపోయినది.

2005 జనవరిలో సానియా ఆస్ట్రేలియా ఓపెన్ ఆడుటకు మెల్‌బోర్ను చేరెను. 18 ఏండ్లు నిండి రెండు నెలలే యైనది. ఇక్కడను వైల్డ్ కార్డే ఆధారము. సిండీ వాట్సన్‌ను, హంగరీ దేశీయురాలు పెట్రా మండులాను ఓడించి మూడవ రౌండు చేరెను. మన దేశపు స్త్రీలలో గ్రాండ్‌స్లామ్ సింగిల్సులో అంతదూరము పోయినది ఆమెయే మొదట. అచ్చట ఎదురైనది సెరెనా విలియమ్స్. మొదటి సెట్టు 6-1తో క్షణములలో పోయినట్లయినది. రెండవ సెట్టులో మాత్రము సానియా నాలుగు గేములు గెలుచుకొనెను. తుదకు 6-1, 6-4తో ఓడెను. ఆ యేటి కప్పు సెరెనాదే యయ్యెను.

ఆ తరువాత నెల తిరుగకముందే హైదరాబాదు గెలుపు. మార్చిలో దుబాయిలో చీలమండ బెణికినను, అంతకుముందు సంవత్సరపు అమెరికా ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాను 6-4, 6-2తో ఓడించెను. సెప్టెంబరులో అమెరికా ఓపెన్ నాలుగవ రౌండులో మరియా షరపోవా చేతిలో 6-2, 6-1తో ఓడెను. షరపోవా సానియా కంటె అయిదు నెలలు చిన్నది. అప్పటికే ఒక వింబుల్డన్ గెలిచినది. ఒకరి కాలముతో మరియొకరి కాలమును కొలువరాదనుటకు ఈ జంట చాలును. ఆ సంవత్సరాంతమునకు సానియా ర్యాంకు 31. మహిళా టెన్నిసు సంఘము ఆమెను ఆ యేటి ఉత్తమ నూతన క్రీడాకారిణిగా ఎంచెను. 2007లో 27వ ర్యాంకు చేరెను. సింగిల్సులో అదియే ఆమె శిఖరము.

ఆమెను పైకెత్తిన మణికట్టే పిమ్మట ఆమెను బాధించినది. 2008లో శస్త్రచికిత్స అవసరమైనది. కాలక్రమమున సింగిల్సు విడిచి డబుల్సునకే అంకితమై, 2015 ఏప్రిల్‌లో డబుల్సున ప్రపంచములో మొదటి ర్యాంకు పొందెను. మార్టినా హింగిస్‌తో కూడి మూడు, మిశ్రమ డబుల్సులో మూడు, మొత్తము ఆరు గ్రాండ్‌స్లాములు గెలిచెను.

2023 జనవరిలో, తన కడపటి గ్రాండ్‌స్లాము ఆడుటకు, ఆమె మరల మెల్‌బోర్నుకే పోయినది. మిశ్రమ డబుల్సులో రోహన్ బోపన్నతో కలిసి ఫైనలు చేరి ఓడెను. 14వ యేట తనకు మొదటి మిశ్రమ డబుల్సు జోడీ ఆయనయే. ఆట ముగిసిన పిమ్మట కోర్టుమీద నిలిచి, కన్నీటితో, తన వృత్తిజీవితము ఇచ్చటనే మొదలైనదని ఆమె చెప్పెను. అందుకు గురుతుగా చెప్పినది ఏ కప్పును గూర్చియు గాదు. 2005లో, 18 ఏండ్ల పిల్లగా, అదే ఊరిలో సెరెనాతో ఆడిన ఆటను గూర్చి.