విశాఖతీరమందలి కెరటములు

విశాఖపట్టణమునకు వచ్చిన యాత్రికులు మొట్టమొదట అడుగునది సముద్రమునకు దారియే. అయితే సముద్రమును చూచుట వేరు, సముద్రములో దిగుట వేరు. ఒకే ఊరి తీరమున ఒకచోట కెరటము పిల్లలతో ఆడుకొనునట్లు వచ్చి పాదములు తడిపి పోవును. కొంతదూరమున అదే సముద్రము గజ ఈతగానిని సైతము లోనికి లాగికొని పోవును. ఈ భేదమునకు కారణమేమి? పలకపై నిలిచి కెరటస్వారి చేయగోరు యువకుడును, ఒడ్డున స్నానమాడగోరు యాత్రికుడును, చేపలకై పడవను నీటిలోనికి త్రోయు జాలరియు తెలిసికొనవలసిన మొదటి విషయము ఇదియే.

కెరటములను పుట్టించునది గాలి. కెరటముతోపాటు నీరంతయు ఒడ్డునకు తరలివచ్చుచున్నట్లు కనిపించును గాని, లోతైన సముద్రమున ముందునకు సాగునది నీరు కాదు; గాలి ఇచ్చిన శక్తి. వరిచేనిపై గాలి వీచినపుడు అల ఈ గట్టునుండి ఆ గట్టునకు పరుగెత్తును. వరిదుబ్బు ఒక్కటియు తన చోటు విడువదు. సముద్రముపైని అలయు అట్టిదే. దక్షిణ హిందూమహాసముద్రమున లేచిన పెనుగాలులచే పుట్టిన కెరటములు వేలకొలది కిలోమీటర్లు ప్రయాణము చేసి, కొన్ని దినములకు బంగాళాఖాతపు ఒడ్డును చేరుచుండును. అందుచేతనే విశాఖలో ఆకాశము నిర్మలముగను, గాలి మందముగను ఉన్న దినమున కూడ పెద్ద కెరటములు రావచ్చును.

ఒడ్డును సమీపించినకొలది కెరటపు అడుగుభాగమునకు నేల అడ్డు తగులును. అప్పుడు దాని వేగము తగ్గి, ఎత్తు పెరుగును. నీటి లోతు కెరటపు ఎత్తునకు ఇంచుమించు 1.3 రెట్లకు తగ్గినపుడు దాని శిఖరము ముందునకు ఒరిగి విరుగును. అనగా ఒక మీటరు ఎత్తుగల కెరటము సుమారు 1.3 మీటర్ల లోతున విరుగునన్నమాట. నేల మెల్లమెల్లగా పల్లమైన తీరమున కెరటము నురుగులు గ్రక్కుచు చాలదూరము దొర్లుకొని వచ్చును. స్వారి నేర్చుకొనువారికి ఇట్టిచోటు అనుకూలము. ఒడ్డునుండి హఠాత్తుగా లోతగు తీరమున కెరటము ఒక్కపెట్టున ఒడ్డుపైననే కూలును. ఇట్టిచోట మెడకును వెన్నునకును దెబ్బ తగులు ప్రమాదము కలదు.

తీరపు ఆకృతి కూడ కెరటముల బలమును మార్చును. విశాఖ తీరము గీచిన గీతవలె ఉండదు. తూర్పుకనుమల కొండలు అచ్చటచ్చట సముద్రములోనికి చొచ్చుకొని వచ్చినవి. ఓడరేవునకు కాపలా కాయుచున్నట్లు నిలిచిన డాల్ఫిన్స్ నోస్ అట్టిదే. ముందునకు పొడుచుకొని వచ్చిన కొండకొమ్మువద్ద కెరటముల శక్తి కేంద్రీకృతమగును. లోనికి వంగిన తీరమున అది విస్తరించి పలుచనగును. కావున లాసన్స్ బే వంటి వంపులలో కెరటములు సాధారణముగా కొంత సౌమ్యముగ నుండును. ఋషికొండ తీరమున నేడు కెరటస్వారి నేర్చుకొనువారు కనబడుదురు. మూడువైపుల కొండలు క్రమ్మిన యారాడ తీరము కన్నుల పండువుగ నుండును గాని, దాని అందము సముద్రపు లోతును గూర్చి ఏమియు చెప్పదు.

సముద్రపు నేల ఎల్లకాలము ఒకే తీరున ఉండదు. నైరృతి ఋతుపవనకాలమున కెరటములు తీరము వెంబడి ఇసుకను ఉత్తరమునకు నడిపించును. ఈశాన్య ఋతుపవనకాలమున కొంత ఇసుక దక్షిణమునకు మరలును. మొత్తముమీద ఉత్తరమునకు పోవునదియే అధికము. కాకినాడ రేవునకు ఎదుట గోదావరి తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన హోప్ దీవి పొడవైన గోడవలె నిలిచి కెరటములను ఆపుచున్నది. విశాఖకు అట్టి సహజరక్షణ లేదు. అందుచేత 1933లో ప్రారంభమైన విశాఖ నౌకాశ్రయమును నిర్మించునపుడు, రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ప్రవేశమార్గమునకు దక్షిణమున ముంచి, కెరటములకు అడ్డుకట్టగా చేసిరి. రేవువద్ద ఇసుక ఆగిపోయినచో ఉత్తరమున నున్న నగరతీరము కోతకు గురియగును. కావున రేవులో త్రవ్విన ఇసుకను ఆ తీరమునకు చేర్చుచుందురు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ వంటి తుపాను ఒక్కదినముననే తీరపు రూపును మార్చివేయగలదు. నిరుడు క్షేమమైన చోటు ఈ యేడును క్షేమమే యని నమ్మరాదనుటకు ఇదియే కారణము.

ఒడ్డునకు కొంచెము దూరమున నీటిలో ఇసుకతిన్నెలు ఏర్పడుచుండును. కెరటములు ఆ తిన్నెలను దాటి ఒడ్డునకు చేర్చిన నీరు మరల లోనికి పోవలెను గదా! అది తిన్నెల నడుమ నున్న సన్నని సందును వెదకికొని, కాలువవలె వేగముగ సముద్రములోనికి పరుగిడును. దీనిని ఆంగ్లమున ‘రిప్ కరెంట్’ అందురు. దీని వేగము ఒక్కొక్కప్పుడు సెకనుకు 2 మీటర్ల వరకు ఉండును. ఎంతటి ఈతగాడైనను దానికి ఎదురీది నెగ్గుట దుస్సాధ్యము. విశాఖలోని రామకృష్ణా బీచివద్ద ఇట్టి ప్రవాహములు పలువురి ప్రాణములను బలిగొన్నవి.

విచిత్రమేమనగా, ఈ ప్రవాహమున్న చోటు చూపునకు మిక్కిలి ప్రశాంతముగ నుండును. అక్కడ లోతు ఎక్కువ గనుక కెరటములు విరుగవు. ఇరుప్రక్కల తెల్లని నురుగు లేచుచుండగా నడుమ నల్లగా, నునుపుగా ఒక త్రోవ కనబడును. సముద్రమును ఎరుగనివారు అదియే స్నానమునకు తగిన చోటని భ్రమపడి అందు దిగుదురు. దానిలో చిక్కినవాడు ఒడ్డువైపునకు ఈదజొచ్చినచో అలసి మునిగిపోవును. బెదరక నీటిపై తేలుచు, చేయి పైకెత్తి సహాయము కోరవలెను. శక్తి యున్నచో ఒడ్డునకు సమానాంతరముగ ప్రక్కకు ఈది, ప్రవాహమును దాటి, కెరటములు విరుగుచున్నచోట ఒడ్డునకు మరలవలెను. ఒడ్డుననున్నవాడు తొందరపడి తానును నీట దూకరాదు. తేలు వస్తువును గాని త్రాటిని గాని విసరి, కాపలాదారులను పిలువవలెను.

ఈ విద్యను జాలరులు పుస్తకములు లేకయే తరతరములుగా నేర్చిరి. దుంగలను త్రాళ్లతో కట్టిన తెప్పపై సముద్రములోనికి పోవు జాలరి, వెంటనే నీటిలోనికి ఉరుకడు. పెద్ద కెరటములు గుంపులుగా వచ్చుననియు, గుంపునకు గుంపునకు నడుమ కొంత విరామముండుననియు అతడెరుగును. ఆ విరామమునకై వేచియుండి, అదను చూచి తెప్పను త్రోయును. తిరిగి వచ్చునపుడు తగిన కెరటమును ఎంచుకొని, దాని వీపుననే ఒడ్డునకు చేరును. పసిఫిక్ మహాసముద్రపు హవాయి దీవులవారు ఇట్టి నేర్పునే క్రీడగా పెంపొందించిరి. 1912లో స్టాక్‌హోం ఒలింపిక్ క్రీడలయందు ఈతలో స్వర్ణపతకము గెలిచిన హవాయి వీరుడు డ్యూక్ కహనమోకు ఆ క్రీడను దేశదేశముల చాటెను. టోక్యో నగరపు ఒలింపిక్ క్రీడలు 2021లో జరిగినపుడు కెరటస్వారికి తొలిసారిగా వానియందు స్థానము లభించెను.

మంచి చోటును వెదకువాడు దుస్తులు మార్చుకొనుటకు ముందు కనీసము పావుగంటసేపు ఒడ్డున నిలిచి చూడవలెను. కెరటములు ఎక్కడ విరుగుచున్నవి, ఎక్కడ విరుగుట లేదు, నురుగు ఎటు పోవుచున్నది, రాళ్లు ఎక్కడ తేలుచున్నవి అని గమనింపవలెను. హైదరాబాదునందలి సముద్ర సమాచార కేంద్రము కెరటముల ఎత్తును ముందుగనే తెలుపుచున్నది. ఆ సూచనలను తెలిసికొనవలెను. ఎర్రజెండా యున్నచోట దిగరాదు. అన్నిటికంటె ముఖ్యముగ, వలలు బాగుచేసికొనుచు ఒడ్డున కూర్చున్న జాలరిని, “తాతా! ఇక్కడ దిగవచ్చునా?” అని అడుగవలెను. అతడు వద్దన్నచో, ఆ దినమునకు ఒడ్డుననే కూర్చుండి సముద్రమును చూచి ఆనందించుట మేలు. కెరటములు మరునాడును వచ్చును.