మీకు తెలుసా? అమెరికా చదువు, 20 గంటల హద్దు

అమెరికాలో ఎఫ్‌-1 వీసా మీద చదివే విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పనిచేయవచ్చు. లైబ్రరీలో కొంత, డైనింగ్ హాల్లో కొంత చేసినా అన్నీ కలిపే ఆ 20. సెలవుల్లో పూర్తికాలం చేసుకోవచ్చు.

బయట గ్యాస్ స్టేషన్‌లోనో, రెస్టారెంట్‌లోనో నగదు తీసుకుని చేస్తే? అదీ అనుమతి లేని పనే. చేతికి డబ్బులిస్తే ఎవరికీ తెలియదని సీనియర్లు చెబితే దయచేసి నమ్మకండి. విద్యార్థి హోదాయే రద్దు కావచ్చు. అప్పు చేసి పంపిన అమ్మానాన్నలకు అది మామూలు దెబ్బ కాదు.

కోర్సులో భాగంగా చేసే ఉద్యోగ శిక్షణ, అంటే సీపీటీని పూర్తికాలం 12 నెలలు వాడేస్తే, ఆ స్థాయి చదువుకు ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసి అనుభవం పొందే అనుమతి) అవకాశం పోతుంది. చాలామంది ఆలస్యంగా గ్రహించే నిబంధన ఇదే. ఓపీటీ 12 నెలలు. సైన్స్, ఇంజినీరింగ్ వంటి కోర్సులవారు మరో 24 నెలలకు దరఖాస్తు చేసుకోవచ్చు. తొలి 12 నెలల్లో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. శని, ఆదివారాలూ అందులో లెక్కే.