పంచాంగంలా ఏటా ఒక వెర్షన్

ఏటా ఏప్రిల్ వచ్చేసరికి భవనాల డిజైన్ రంగంలో ఒక తంతు జరుగుతుంది. అమెరికాకు చెందిన ఆటోడెస్క్ కంపెనీ తన రివిట్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త వెర్షన్ విడుదల చేస్తుంది. పేరులో మాత్రం వచ్చే ఏడాది అంకె ఉంటుంది. 2025లో వచ్చినదాని పేరు రివిట్ 2026. ఆర్కిటెక్టులు, స్ట్రక్చరల్ ఇంజినీర్లు, కరెంటు, ప్లంబింగ్, ఏసీ లైన్లు డిజైన్ చేసేవాళ్లు కొత్త సదుపాయాల జాబితాను ముందేసుకుని చదువుతారు. చాలా ఏళ్లుగా ఆ చదువు పెదవి విరుపుతోనే ముగుస్తోంది. మెట్లు, రెయిలింగులు గీయడంలో పాత తలనొప్పులు అలాగే ఉన్నాయని, పెద్ద ఫైలు తెరిస్తే కంప్యూటర్ ఇప్పటికీ మూలుగుతోందని, కట్టే డబ్బుకూ వచ్చే కొత్తదనానికీ పొంతన లేదని వాళ్ల ఫిర్యాదు. ఫిర్యాదు నిజమే కానీ దాని గురి కొంచెం పక్కకు పోతోంది. ఇరవై ఏళ్లు దాటిన సాఫ్ట్‌వేర్ ఏటా అద్భుతాలు చేయలేదు, చేయనక్కర్లేదు కూడా. చప్పగా ఉన్న వెర్షన్‌ను ‘ఈసారికి మాకొద్దు’ అనే వీలు కొనేవాడి చేతిలోంచి జారిపోవడమే ఇక్కడ అసలు సంగతి.

రివిట్ అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. మేస్త్రీ చేతిలో కనిపించే ప్లాను కాగితం మీద ఉండేవి గీతలు. 1982లో వచ్చిన ఆటోక్యాడ్ ఆ గీతలనే కంప్యూటర్ మీద గీయించింది. అందులో గోడ అంటే పక్కపక్కనే ఉన్న రెండు గీతలు, అంతకుమించి దానికేమీ తెలియదు. రివిట్‌లో గోడ అంటే గోడే. దాని మందం, ఎత్తు, ఇటుకా కాంక్రీటా, ఎక్కడ కిటికీ పడింది, పైన ఏ శ్లాబు ఆనింది, ఇవన్నీ ఒకే మోడల్‌లో ఉంటాయి. ప్లానులో తలుపును అడుగు పక్కకు జరిపితే సెక్షన్‌లో, ఎలివేషన్‌లో, తలుపుల పట్టికలో దానంతటదే మారిపోతుంది. యంత్రభాగాల డిజైన్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే పీటీసీ కంపెనీలో పనిచేసి వచ్చిన లియోనిడ్ రైజ్, ఇర్విన్ జంగ్రైస్ 1997లో మసాచుసెట్స్‌లో ఈ పని మొదలుపెట్టారు. 2000లో తొలి వెర్షన్ వచ్చింది. 2002లో ఆటోడెస్క్ ఆ కంపెనీని 13.3 కోట్ల డాలర్లకు కొనేసింది. గీతలకు బదులు ఇలా మోడల్ కట్టే పద్ధతికి బిమ్ (బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్) అని పేరు స్థిరపడింది. 2016 ఏప్రిల్ నుంచి బ్రిటన్ కేంద్ర ప్రభుత్వ నిర్మాణాలకు బిమ్ తప్పనిసరి అయింది. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ పెద్ద ఆఫీసుల్లో చాలావాటికి బిమ్ అంటే వాడుకలో రివిటే.

ఇక కొత్త వెర్షన్లు ఏమిచ్చాయో చూద్దాం. పీడీఎఫ్ ఫైలు ఫార్మాట్ 1993లో పుట్టింది, 2008కల్లా అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. కాంట్రాక్టరుకు, మున్సిపల్ ఆఫీసుకు, క్లయింటుకు వెళ్లే డ్రాయింగులు దాదాపు అన్నీ పీడీఎఫ్‌లుగానే వెళతాయి. అయినా రివిట్ నుంచి నేరుగా పీడీఎఫ్ తీసే సదుపాయం 2022 వెర్షన్‌లో గానీ రాలేదు. అప్పటిదాకా ఇంకెవరో తయారుచేసిన ప్రింటర్ ప్రోగ్రామ్ ఒకటి పెట్టుకుని, వందల షీట్లను దాని గుండా పంపించి, పేర్లు సరిచేసుకోవాల్సి వచ్చేది. ఏటవాలు గోడ కథా ఇలాంటిదే. నిటారుగా నిలబడని గోడలు ఆధునిక వాస్తుశిల్పంలో ఎప్పటినుంచో ఉన్నాయి. మామూలు గోడకు వాలు కోణం ఇచ్చే వీలు మాత్రం 2021 వెర్షన్‌లో వచ్చింది. పైకి పోయేకొద్దీ సన్నబడే గోడ ఆ మరుసటి ఏడాది వచ్చింది. 2024 వెర్షన్‌లో ఎక్కువమంది చెప్పుకున్న మార్పుల్లో ఒకటి తెర నల్లగా కనిపించే డార్క్ థీమ్. నేల ఎత్తుపల్లాలు గీసే పరికరాన్ని అదే వెర్షన్‌లో కొత్తగా తయారుచేశారు. నిజంగా పనికొచ్చే మార్పు అదే, కానీ ప్రచారంలో నల్లతెర ముందు అది వెలవెలబోయింది. ఇవి పనికిరానివని ఎవరూ అనరు. పదేళ్లు అడగ్గా అడగ్గా వచ్చినదాన్ని కొత్తదనంగా అమ్మితే మాత్రం ఒళ్లు మండుతుంది.

ఇక్కడ కంపెనీ పక్షాన చెప్పాల్సిన మాట ఒకటుంది, అది బలమైనదే. రివిట్ గొప్పతనమూ దాని బరువూ ఒకే చోట ఉన్నాయి. ఒక గోడ జరిగితే దానికి ఆనుకున్న శ్లాబు జరగాలి, శ్లాబు మారితే మెట్ల ఎత్తు మారాలి, మెట్లు మారితే రెయిలింగు మారాలి, ఆ గది వైశాల్యం మారాలి, అన్ని షీట్లలో కొలతలు మారాలి. ఒక లెక్క తేలితే తప్ప తర్వాతి లెక్క మొదలుకాదు. 2000 నాటి కంప్యూటర్ల ప్రాసెసర్‌కు ఒకే కోర్ ఉండేది, ఆ రోజులకు అది సరిపోయింది. తర్వాత ప్రాసెసర్లు వేగం కంటే కోర్ల సంఖ్య పెంచుకుంటూ పోయాయి. ఒకదానిమీద ఒకటి ఆధారపడిన లెక్కల్ని ఎనిమిది కోర్లకో పదహారు కోర్లకో పంచడం కష్టం. అందుకే ఆఫీసు ఖరీదైన వర్క్‌స్టేషన్ కొన్నా, పనిలో ఎక్కువ భాగం ఒక్క కోర్ మీద పడి, మిగతావి చోద్యం చూస్తుంటాయి. పునాది తవ్వి కొత్తగా కట్టమంటే, రెండు దశాబ్దాలుగా పోగుపడిన ఫైళ్లన్నీ అందులో పొల్లుపోకుండా తెరుచుకోవాలి. ఆసుపత్రి మోడల్‌లో ఒక దూలం మాయమైతే నవ్వి ఊరుకునే విషయం కాదు. కాబట్టి మెల్లగా నడవడం తప్పు కాదు. అయితే మెల్లగా నడిచేవాడికి ఏటా పండగ ఎందుకు? మూడేళ్లకోసారి గట్టి మార్పుతో వస్తే కాదనేవాళ్లు లేరు. కానీ క్యాలెండర్‌కు ఏటా ఒక విడుదల కావాలి, విడుదలకు ఒక జాబితా కావాలి. పునాది పని అలాంటి జాబితాలో కనపడదు, కొత్త బొత్తాం కనపడుతుంది.

గతంలోనూ చప్పటి వెర్షన్లు వచ్చాయి. అప్పుడింత గొడవ లేకపోవడానికి కారణం అమ్మే పద్ధతి. ఒకసారి డబ్బు కట్టి లైసెన్సు కొంటే అది శాశ్వతం. కొత్త వెర్షన్ నచ్చితే మెయింటెనెన్స్ ప్లాన్ కట్టి తీసుకునేవాళ్లు, నచ్చకపోతే పాతదానితో రెండేళ్లో మూడేళ్లో లాగించేవాళ్లు. అలా మానేసిన ప్రతి ఆఫీసూ కంపెనీకి మాటల్లేకుండా ఒక తీర్పు పంపినట్టే. ఫోటోషాప్ తయారుచేసే అడోబీ 2013లో చందా బాట పట్టింది. ఆటోడెస్క్ 2016లో శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసింది. పాత లైసెన్సులున్నవాళ్లకు మెయింటెనెన్స్ రుసుము 2017లో 5 శాతం, 2018లో 10 శాతం, 2019లో 20 శాతం పెరిగింది. 2021లో ఆ ప్లాన్ కొనసాగించుకునే దారి కూడా మూసుకుపోయింది. ఇప్పుడు చందా ఆగితే సాఫ్ట్‌వేర్ ఆగుతుంది. ఆటోడెస్క్ ఆదాయంలో 95 శాతానికి పైగా ఇలా తిరిగి తిరిగి వచ్చే డబ్బే. అదే కంపెనీ లెక్కల్లో అమ్మకాలు, మార్కెటింగ్ ఖర్చు పరిశోధన, అభివృద్ధి ఖర్చును మించి ఉంటుంది. వెర్షన్ బాగున్నా బాగోకపోయినా డబ్బు వచ్చేటప్పుడు, బాగుండాలనే ఒత్తిడి ఎక్కడినుంచి రావాలి?

చందా కట్టి పాత వెర్షన్‌తోనే సరిపెట్టుకుందామన్నా పూర్తిగా కుదరదు. రివిట్ 2026లో దాచిన ఫైలు రివిట్ 2025లో తెరుచుకోదు. పాత ఫైలును కొత్త వెర్షన్‌లో తెరిచి దాచారా, ఇక వెనక్కి రావడానికి లేదు. ఆర్కిటెక్టు, ఇంజినీరు, ఏసీ కన్సల్టెంటు ఒకే మోడల్ చుట్టూ పనిచేస్తారు గనుక ఒకరు మారితే అందరూ మారాలి. పంచాంగమైతే ఏటా కొత్తది కొనాల్సిందే, నిరుటి తిథులు ఈ ఏడాదికి పనికిరావు గనుక. గోడకూ దూలానికీ సంవత్సరం మారితే ధర్మం మారదు కదా! ఈ బాధ మనకు దూరంది కాదు. అమెరికా, బ్రిటన్ సంస్థలకు మోడళ్లు తయారుచేసి పంపే బిమ్ ఆఫీసులు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి. ఏ వెర్షన్ వాడాలో అక్కడి క్లయింటు కాంట్రాక్టులో రాస్తాడు. ఒకరు 2023 అంటే మరొకరు 2025 అంటారు. ఒకే కంప్యూటర్‌లో మూడు నాలుగు వెర్షన్లు పక్కపక్కనే పెట్టుకుని, ఏ ఫైలును పొరపాటున దేనితో తెరవకూడదో గుర్తుంచుకుంటూ పనిచేయాలి. చందాదారుకు తాజా వెర్షన్‌తో పాటు వెనకటి మూడు వెర్షన్లు దించుకునే వీలుంటుంది. ఐదారేళ్లు సాగే విమానాశ్రయం లాంటి పనికి ఆ గడువు చాలదు. మధ్యలో ఎక్కడో ఒకచోట ఫైళ్లన్నిటినీ కొత్త వెర్షన్‌లోకి ఎక్కించి, ఏది చెదిరిందో చూసుకోక తప్పదు. ఆ గంటలకు డబ్బు క్లయింటు ఇవ్వడు, ఆటోడెస్క్ అసలే ఇవ్వదు.

అసహనం 2020 జులైలో బయటపడింది. జాహా హదీద్ ఆర్కిటెక్ట్స్, గ్రిమ్‌షా, రోజర్స్ స్టర్క్ హార్బర్ వంటి పేరున్న సంస్థలు మరికొన్నిటితో కలిసి ఆటోడెస్క్ అధిపతి ఆండ్రూ అనగ్నోస్ట్‌కు బహిరంగ లేఖ రాశాయి. ధరలు పెరుగుతున్నాయి, రివిట్ ఎదుగుదల నిలిచిపోయింది, లైసెన్సుల నిబంధనలు మాటిమాటికీ మారుతున్నాయి అన్నది సారాంశం. రాసినవాళ్లు చిన్నాచితకా వాడకందార్లు కారు, ఏటా పెద్ద మొత్తాలు చెల్లించే ఖాతాదారులు. అనగ్నోస్ట్ దాన్ని కొట్టిపారేయలేదు. ఆర్కిటెక్టులకు పనికొచ్చే వైపు రివిట్ తాము అనుకున్నంత వేగంగా ముందుకు పోలేదని ఒప్పుకున్నారు. స్ట్రక్చరల్, సర్వీసుల డిజైన్, నిర్మాణ నిర్వహణల మీద ఎక్కువ దృష్టి పెట్టామని చెప్పారు. లెక్కలు కూడా అదే చెబుతాయి. 2018లో ఒక్క ఏడాదిలో ఆ కంపెనీ నిర్మాణరంగ సాఫ్ట్‌వేర్ సంస్థలు ప్లాన్‌గ్రిడ్‌ను 87.5 కోట్ల డాలర్లకు, బిల్డింగ్‌కనెక్టెడ్‌ను 27.5 కోట్ల డాలర్లకు కొనాలని ఒప్పందాలు చేసుకుంది. రివిట్‌ను కొన్న ధరతో పోల్చి చూస్తే డబ్బు ఎటు నడుస్తోందో అర్థమవుతుంది. పాతా కొత్తా ధరల తేడా తీసేసినా ఆ అంతరం చిన్నది కాదు.

చందాను సమర్థించేవాళ్ల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. ఇద్దరు ముగ్గురు పనిచేసే చిన్న ఆఫీసు ఒకేసారి పెద్ద మొత్తం పెట్టలేదు, నెలకో ఏడాదికో కట్టుకుంటే పని మొదలుపెట్టుకోవచ్చు. పని తగ్గినప్పుడు లైసెన్సులు తగ్గించుకోవచ్చు. తమాషా ఏమిటంటే, పుట్టిన కొత్తల్లో రివిట్ కూడా నెలవారీ అద్దెకే దొరికేది. పాతుకుపోయిన ఆటోక్యాడ్ నుంచి జనాన్ని లాక్కోవడానికి అద్దె అప్పుడు మంచి ఎర. అయితే అప్పటి అద్దెకు పక్కన ఇంకో దారి ఉండేది, నచ్చకపోతే వచ్చే నెల మానేసి ఆటోక్యాడ్‌కు పోవచ్చు. తేడా అంతా అక్కడే ఉంది. ఇప్పుడు మానేస్తే పోయేది సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు. పాత ప్రాజెక్టుల ఫైళ్లు, ఆఫీసు ఏళ్ల తరబడి కూర్చుకున్న తలుపులు, కిటికీలు, ఫర్నిచర్ లైబ్రరీ, సిబ్బందికి ఇచ్చిన శిక్షణ, అన్నీ పోతాయి. ‘నచ్చకపోతే వేరేది వాడుకోండి’ అనే సలహా అందుకే తేలిక. హంగరీలో పుట్టిన ఆర్కిక్యాడ్ దశాబ్దాలుగా గట్టి పోటీదారు, అయితే అదీ చందా వైపే జరుగుతోంది. ఆటోడెస్క్‌లో ఒకప్పుడు తాత్కాలిక ఉమ్మడి సీఈఓగా చేసిన అమర్ హన్స్‌పాల్ మోటిఫ్ అనే కొత్త కంపెనీ పెట్టారు. బెంగళూరు మూలాలున్న స్నాప్‌ట్రూడ్ కూడా ఈ బరిలో ఉంది. పూర్తి నిర్మాణ డ్రాయింగుల దాకా రివిట్‌ను పక్కకు నెట్టే స్థాయికి ఇవి ఇంకా ఎదగాలి.

లేఖ తర్వాత అసలేమీ మారలేదనడం అన్యాయం. పీడీఎఫ్, పైకి సన్నబడే గోడలు, నేల పరికరాలు ఆ కాలంలో వచ్చినవే. రివిట్ 2026లో తెరమీద బొమ్మను వేగంగా చూపించే కొత్త గ్రాఫిక్స్ విధానాన్ని ప్రయోగాత్మకంగా పెట్టారు. అది బొత్తాం కాదు, లోపలి పని. తొలిదశ డిజైన్ కోసం నార్వేకు చెందిన స్పేస్‌మేకర్‌ను 2020లో కొని, 2023లో ఫోర్మా పేరుతో క్లౌడ్ సాఫ్ట్‌వేర్ తెచ్చారు. అయితే ఇవేవీ వాడకందారు చేతికి బేరమాడే శక్తిని తిరిగివ్వలేదు. దానికి చేయాల్సింది పెద్ద కిటుకేమీ కాదు. ఫైలు ఫార్మాట్‌ను సంవత్సరం నుంచి విడదీయాలి. అవసరం లేని ఏడాది ఫార్మాట్ మారకూడదు, ఒకటి రెండు వెర్షన్ల వెనక్కి దాచుకునే వీలుండాలి. కొన్నేళ్లు వరుసగా చందా కట్టిన ఆఫీసుకు, చందా ఆపిన నాటి వెర్షన్ తన దగ్గరే ఉండిపోవాలి. పాత మెయింటెనెన్స్ ప్లాన్‌లో అలాగే ఉండేది. 2023లో బ్రిటన్ సంస్థలు కొన్ని కలిసి రేపటి సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలో ఒక స్పెసిఫికేషన్ తయారుచేశాయి. ఎవరి మోడల్‌లోని సమాచారం వాళ్లకు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా అందుబాటులో ఉండాలన్నది అందులో ముఖ్యమైన కోరిక. ఐఎఫ్‌సీ అనే బహిరంగ ఫార్మాట్ ఇప్పటికే అంతర్జాతీయ ప్రమాణంగా ఉంది. దానిలోకి పంపితే గోడలు వెళతాయి గానీ, వాటిని మార్చుకునే తెలివి చాలావరకు వెనకే ఉండిపోతుంది. ఆ లోటు తీర్చే పనిని ఏ కంపెనీ తనంతట తాను ముందుకు వేసుకోదు. డబ్బిచ్చి భవనం కట్టించుకునే ప్రభుత్వాలు, ఆసుపత్రులు, మెట్రో సంస్థలు మోడల్‌ను బహిరంగ ఫార్మాట్‌లో కూడా అప్పగించాలని, అది ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుని పనిచేస్తేనే బిల్లు పాస్ చేస్తామని టెండర్లో రాసుకోవచ్చు. కొత్త వెర్షన్ జాబితాలో ఏముందని ఏటా నిట్టూర్చే ఆర్కిటెక్టు కంటే, ఆ ఒక్క షరతు రాసే ఇంజినీరుకు ఆటోడెస్క్ త్వరగా జవాబు చెబుతుంది.