పుట్ట క్రింది వ్యవసాయం

ఉష్ణమండల నేలలను గురించి ప్రసంగం వచ్చినప్పుడు మనం వర్షాన్ని గురించి, ఎరువులను గురించి, విత్తనాలను గురించి మాట్లాడతాము. నేలలో నివసించే కీటకాల ప్రస్తావన ఒకే ఒక సందర్భంలో వస్తుంది: వాటిని చంపడానికి ఏ మందు చల్లవలెనని అడిగేటప్పుడు. ఆ కీటకాలన్నింటిలో అత్యధికంగా అపకీర్తి పాలైన చెదపురుగును ముందు నిలిపి, వాటి వైవిధ్యానికీ చేని మట్టి సారానికీ గల సంబంధాన్ని ఇక్కడ వివరింపదలచాము. ఉర్దూలో దీమక్ అని పిలువబడేది ఈ పురుగే. దాని పేరు వినగానే గ్రంథాలయాధికారులూ, వడ్రంగులూ, రైతులూ ఏకగ్రీవంగా శపిస్తారు. ఆ శాపంలో సగం మాత్రమే న్యాయమని మా అభిప్రాయం.

పవిత్ర ఖుర్ఆన్‌లో తేనెటీగ పేరిట 16వ అధ్యాయం, చీమ పేరిట 27వ అధ్యాయం ఉన్న సంగతి మన విద్యార్థులకు తెలిసినదే. 34వ అధ్యాయంలో, సులైమాన్ ప్రవక్త మరణ వృత్తాంతంలో, ఆయన చేతికర్రను తినివేసిన ఒక భూమి ప్రాణి కనిపిస్తుంది. వ్యాఖ్యాతలు దానిని చెదపురుగుగానే గ్రహించారు. కర్ర విరిగి దేహం నేలకు ఒరిగేవరకు, ఊడిగం చేస్తున్న జిన్నులకు సైతం ఆయన గతించిన విషయం తెలియలేదు. సంస్కృతంలో పుట్టకు వల్మీకమని పేరు. ఆదికవి నామం దాని నుండి వచ్చినదే. క్రీస్తు శకం ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో భూగర్భ జలాన్ని గుర్తించే లక్షణాలను చెబుతూ, చెట్టు ప్రక్కన గల పుట్టను ఒక ముఖ్యమైన గుర్తుగా పరిగణించాడు. ఇక తెలుగువాడు వర్షాకాలంలో మొలిచే శిలీంధ్రానికి పుట్టగొడుగు అని పేరు పెట్టాడు. భాషను బోధించే మాకు ఈ మాట ఎంతో ముచ్చట గొలుపుతుంది. ఎందుకనగా శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో కనుగొన్న సంబంధం ఆ సమాసంలో ముందే ఇమిడి ఉన్నది.

ఆ సంబంధాన్ని తొలిసారి గ్రంథస్థం చేసిన ఘనత యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే వైద్యునికి దక్కింది. ఆయన స్వీడన్ దేశపు ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు లినేయస్ శిష్యుడు. 1768లో తరంగంబాడిలోని డేనిష్ స్థావరానికి వచ్చాడు. కొన్ని సంవత్సరాల తరువాత ఆర్కాటు నవాబు ముహమ్మద్ అలీ ఖాన్ వాలాజా కొలువులో ప్రకృతి శాస్త్రజ్ఞునిగా చేరాడు. నవాబు దర్బారులో కవులకూ హకీములకూ తోడు పురుగులను పరిశీలించే ఉద్యోగి ఒకడు ఉండుట మనం గర్వింపదగిన విషయమే. కోనిగ్ తంజావూరు ప్రాంతపు పుట్టలను త్రవ్వి చూచి, 1779లో చెదపురుగులపై ఒక వ్యాసం ప్రకటించాడు. పుట్ట లోపల శిలీంధ్రంతో నిండిన తేనెపట్టు వంటి కట్టడాలు ఉన్నవని అందులో వ్రాశాడు. ఆయన 1785లో మన కాకినాడ చెంతనున్న జగన్నాథపురంలో కన్నుమూశాడు.

ఆ కట్టడాలు ఏమిటో ఇప్పుడు స్పష్టంగా తెలుసు. మన చేలగట్లపై ఎత్తుగా పుట్టలు పెట్టే చెదపురుగు ఎండుటాకును, పుల్లను, పేడను తిని పూర్తిగా జీర్ణించుకోలేదు. అది ఆ పదార్థాన్ని నమిలి, పుట్ట క్రింది గదులలో పేర్చి, దానిపై టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని పెంచుతుంది. కర్రలోని కఠిన పదార్థాన్ని శిలీంధ్రం విడగొట్టిన తరువాత పురుగు ఆహారంగా గ్రహిస్తుంది. అనగా మనిషి నాగలి పట్టడానికి కోట్ల సంవత్సరాల ముందే ఈ పురుగు వ్యవసాయం మొదలుపెట్టింది. ఈ విధంగా శిలీంధ్రాన్ని సాగుచేసే చెదపురుగులు ఆఫ్రికా, ఆసియా ఖండాలలోనే ఉన్నవి. అమెరికాలో గాని ఆస్ట్రేలియాలో గాని లేవు. వానలు పడగానే ఆ తోట నుండి పైకి పొడుచుకొని వచ్చేదే మనం కూర వండుకొనే పుట్టగొడుగు.

దీనివలన నేలకు లాభమేమిటి? శీతల దేశాలలో రాలిన ఆకు నెమ్మదిగా కుళ్ళి, నల్లని మట్టిగా ఏళ్ళ తరబడి నిలువ ఉంటుంది. మన ఉష్ణదేశాలలో ఎండకు, వానకు అది త్వరగా విచ్ఛిన్నమై పోతుంది. కనుక ఇక్కడి నేల సారం కొట్టులో దాచిన ధాన్యం వంటిది కాదు. చేతులు మారుతూ ఉండే రొక్కం వంటిది. దానిని చేతులు మార్చేవి ఈ కీటకాలే. చార్లెస్ డార్విన్ 1881లో వానపాములపై గ్రంథం వ్రాసి, ఇంగ్లండు మట్టిని తిరగవేసేవి అవేనని నిరూపించాడు. అయితే ఏడాదిలో ఏడెనిమిది నెలలు ఎండిపోయే దక్కను పీఠభూమిలో వానపాము లోతుకు దిగి నిద్రపోతుంది. ఆ కాలంలో ఎండుటాకును మట్టిలోనికి దించే పని చెదపురుగూ చీమా నిర్వహిస్తాయి.

పటాన్‌చెరువు వద్ద 1972లో నెలకొల్పిన ఇక్రిశాట్ అంతర్జాతీయ పరిశోధనా కేంద్రపు ఆవరణలో నల్లరేగడి, ఎర్రచెలక రెండూ ఉన్నవి. ఆ రెండింటి స్వభావం పరస్పర విరుద్ధం. రేగడి ఎండినప్పుడు నెర్రెలు విచ్చుకొని తొలకరి నీటిని త్రాగుతుంది. చెలక అట్లు కాదు. వానచినుకు దెబ్బకు దానిపై సన్నని గట్టి పెచ్చు కట్టి నీరు లోనికి ఇంకక వాలుకు పరుగెత్తుతుంది, మట్టిని కూడా వెంట తీసికొనిపోతుంది. ఆ పెచ్చును ఛేదించే సొరంగాలు చెదపురుగులవీ చీమలవీ. పైగా అవి లోతు నుండి బంకమట్టిని పైకి తెచ్చి పుట్ట కడతాయి కనుక, కూలిన పుట్ట మట్టిని చేనిలో చల్లుకొనే ఆచారం ఆఫ్రికాలోను, ఆగ్నేయాసియాలోను ఉన్నది.

ఇందుకు అత్యుత్తమ నిదర్శనం పశ్చిమాఫ్రికాలోని బుర్కినా ఫాసోలో కనిపిస్తుంది. 1970 దశకం నుండి 1980 దశకం వరకు అక్కడ తీవ్రమైన కరువులు వచ్చి, యాతెంగా ప్రాంతంలో నేల రాయివలె గట్టిపడింది. యాకూబా సవదోగో అనే రైతు, చిన్నతనంలో ఖుర్ఆన్ పాఠశాలలో చదివినవాడు, తాతలనాటి జాయీ గుంతల పద్ధతిని పెంపు చేశాడు. ఎండకాలంలోనే జానెడు గుంతలు త్రవ్వి వాటిలో పేడ, ఆకులు వేయించాడు. ఆ వాసనకు చెదపురుగులు వచ్చి గట్టినేలను తూట్లు పొడిచాయి. తొలివాన ఆ తూట్లలో దిగింది. జొన్న, సజ్జ పండాయి. ఎండకాలంలో పొలం త్రవ్వుతున్న ఆయనను ఇరుగుపొరుగువారు పిచ్చివాడన్నారు. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం లభించింది, 2023లో మరణించాడు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని మెట్టచేలలో జరిపి 2011లో ప్రకటించిన ఒక పరిశోధనలో, చీమలూ చెదపురుగులూ ఉన్న గోధుమచేను, వాటిని మందుతో తొలగించిన చేను కంటే నూటికి 36 వంతులు అధికంగా పండినట్లు తేలింది.

రైతు మొర అబద్ధం కాదు. చెలకలో వేరుశనగ వేసినవారిని అడగండి. చెద కాయ డొల్లను గీరివేస్తే, ఆ గీతల గుండా బూజు లోనికి ప్రవేశించి పప్పు విషపూరితం అవుతుంది. మొక్కజొన్న కాండం కూలిపోతుంది. ప్రపంచంలో సుమారు 3,000 చెదజాతులు గుర్తింపబడగా, గట్టి నష్టం కలిగించేవి నూరు జాతులకు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. కాని మందు జాతిని ఎన్నుకోదు. చెదకు వాడే ఆల్డ్రిన్ మన దేశంలో 1996లో నిషేధింపబడింది. ఆ నాటి వరకు అది చంపిన ప్రాణులలో దోషులెందరు, నిర్దోషులెందరు అని ఎవరూ లెక్కించలేదు. చొప్పనూ మోళ్ళనూ మిగల్చకుండా ఊడ్చి కాల్చివేసిన చేనిలో పురుగుకు పచ్చపైరు తప్ప వేరు ఆహారం ఏముంటుంది?

పేడపురుగు కథ క్లుప్తంగా చెబుతాము. ఆస్ట్రేలియాకు ఐరోపావారు పశువులను తీసికొనిపోయారు గాని పేడను మట్టిలో పూడ్చే పురుగులను తీసికొనిపోలేదు. అక్కడి స్థానిక పురుగులు కంగారూ పెంటికలకు మాత్రమే అలవాటుపడినవి. ఆవుపేడ నెలల తరబడి ఎండి గడ్డిని కప్పివేసింది, ఈగలు పెరిగాయి. హంగేరీ నుండి వలస వచ్చిన జార్జ్ బోర్నెమిస్సా అనే శాస్త్రజ్ఞుని ప్రోద్బలంతో 1968 నుండి పరాయి దేశాల పేడపురుగులను తెచ్చి విడువవలసి వచ్చింది. మనకు ఆ పురుగులు ఉచితంగా ఉన్నవి. అయితే పశువుల నులిపురుగులకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్ వంటి మందు పేడలో మిగిలి, పేడపురుగు పిల్లలను చంపుతుంది.

మట్టిలోని ఈ జనాభాను లెక్కించడం కష్టం కాదు. 25 సెంటీమీటర్ల చదరంలో 30 సెంటీమీటర్ల లోతు మట్టిని మూడు పొరలుగా తీసి, తెల్లని పళ్ళెంలో పోసి చేతితో ఏరితే చాలు. నేలపై తిరిగేవాటికి, అంచు నేలమట్టానికి వచ్చేటట్లు ఒక గ్లాసును పాతిపెట్టాలి. ఎన్ని పురుగులు దొరికినవన్నదొక్కటే కాక ఎన్ని రకాలు దొరికినవన్నది చూడాలి. వేయి చీమలు ఒకే జాతివైతే ఆ నేల ఆరోగ్యాన్ని గురించి సందేహించవలసినదే. రెండు మూతలూ తీసిన డబ్బాను నేలలో గుచ్చి, కొలిచిన నీరు పోసి, ఇంకడానికి పట్టిన నిమిషాలను ఆ జాబితా ప్రక్కన వ్రాసుకోవాలి.

మన కళాశాల ఆవరణలో వేపాకు, చింతాకు ప్రతి ఉదయం ఊడ్చి గోడ వారగా తగులబెడుతున్నారు. కళాశాల కమిటీ వారు వెనుకటి గోడ చెంత పది గజాల చోటును రెండు మడులుగా విడదీయించి, ఒకదానిలో ఆకు ఊడ్వక వదలివేయడానికి, రెండవదానిని యథాప్రకారం ఊడ్పించడానికి అనుమతించవలెనని కోరుతున్నాము. మృగశిర కార్తెకు ముందు ఒకసారి, వానలు వెనుకబట్టిన తరువాత ఒకసారి విద్యార్థులు మట్టిని త్రవ్వి చూస్తారు. కావలసినవి ఒక గునపం, రెండు పళ్ళేలు, ఆరు గ్లాసులు, ఒక భూతద్దం. ఉర్దూ, తెలుగు విభాగాల విద్యార్థులు జంటలుగా పనిచేస్తే, ఒక్కొక్క పురుగుకు రెండు భాషలలోను ఊరివారు వాడే పేరు కూడా జాబితాలో చేరుతుంది.